బ్రౌజర్ హ్యాంగ్ అయితే తప్పు ఎవరిది, ఎక్స్‌టెన్షన్‌దా యాంటీవైరస్‌దా?

బ్రౌజర్ హ్యాంగ్ అవుతోందంటే ఎవరినడిగినా రెండే సలహాలు, ర్యామ్ పెంచుకో, లేకపోతే ఫార్మాట్ కొట్టించి విండోస్ మళ్ళీ వేయించుకో. రెండోది అప్పుడప్పుడు పనిచేస్తుంది కూడా, ఎందుకంటే ఫార్మాట్ కొడితే అసలు దోషితో సహా అన్నీ పోతాయి కదా. కానీ ఆ తర్వాత మళ్ళీ అవే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాంలు), అదే యాంటీవైరస్ వేసుకుంటారు, కథ మొదటికొస్తుంది. చాలాసార్లు ఇక్కడ మెషిన్ బలం సమస్యే కాదు, బ్రౌజర్ ఎవరో ఒకరి జవాబు కోసం కాచుకుని కూర్చుంది, ఆ జవాబు రావట్లేదు. ఆ ఎవరో ఒకరు బ్రౌజర్ లోపల ఉన్నారా బయట ఉన్నారా అన్నది తేల్చుకోకుండా సెట్టింగులన్నీ కెలికితే రోజంతా పోతుంది, పని మాత్రం అవ్వదు.

ముందు హ్యాంగ్ అయినప్పుడు ఏం కనిపిస్తోందో సరిగ్గా చూడాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ సగం సమాధానం ఇక్కడే ఉంటుంది. విండోస్‌లో ఓ లెక్క ఉంది, ఏ ప్రోగ్రాం విండో అయినా 5 సెకన్ల పాటు మౌస్ కీబోర్డ్ సంగతి పట్టించుకోకపోతే దానికి నాట్ రెస్పాండింగ్ అని ముద్ర వేసేస్తుంది, విండో తెల్లగా పాలిపోయేది అప్పుడే. ఆ టైమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి ఆ బ్రౌజర్ ప్రాసెస్ ఎంత సీపీయూ తింటోందో చూడండి. దాదాపు సున్నా ఉంటే అది పని చేయట్లేదు, ఎదురుచూస్తోంది. అదే 12, 13 శాతం దగ్గర కదలకుండా ఉండిపోతే, అబ్బే తక్కువే కదా అనుకోకూడదు, 8 థ్రెడ్‌ల (ఒకేసారి 8 పనులు నడపగల) ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా లూప్‌లో పడిపోతే, అంటే అదే పనిని ఆగకుండా తిప్పి తిప్పి చేస్తుంటే, కనిపించే అంకె సుమారుగా అంతే (4 థ్రెడ్‌ల పాత మెషిన్‌లో అయితే 25 దగ్గర ఉంటుంది). ఎదురుచూస్తుంటే అనుమానం ముందు సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ మీదకి పోవాలి, లూప్‌లో ఉంటే ఎక్స్‌టెన్షన్ల మీదకో ఆ వెబ్‌సైట్ మీదకో పోవాలి. ఇది నూటికి నూరుపాళ్ళు నిలబడే రూల్ కాదు, కానీ ఎక్కడ్నుంచి మొదలెట్టాలో చెప్తుంది.

ఇంకోటి, ఆగింది ఒక్క ట్యాబా మొత్తం విండోనా? క్రోమ్ 2008లో వచ్చినప్పటి నుంచే పేజీలని వేరే వేరే ప్రాసెస్‌లలో నడుపుతోంది, ఫైర్‌ఫాక్స్ ఆ దారికి చాలా ఆలస్యంగా వచ్చింది, 2016 ఆగస్టులో 48వ వెర్షన్‌తో మొదలెట్టింది. కాబట్టి ఇప్పుడు ఒక సైట్ చెడిపోతే ఆ ట్యాబ్ ఒక్కటే చావాలి, పక్క ట్యాబ్‌కి మారగలగాలి, మెనూ తెరుచుకోవాలి. మెనూ కూడా తెరుచుకోవట్లేదు, విండోని పక్కకి జరపడం కూడా అవ్వట్లేదు అంటే ఆగిపోయింది బ్రౌజర్ మెయిన్ ప్రాసెస్. ఈ రోజుల్లో మామూలు ఎక్స్‌టెన్షన్‌కి అక్కడిదాకా చెయ్యి చాలదు. 2017 నవంబర్ ముందు ఫైర్‌ఫాక్స్‌లో చాలేది, పాత రకం యాడాన్లు బ్రౌజర్ కడుపులోకే దూరిపోయేవి, 57వ వెర్షన్ వచ్చి వాటిని మొత్తం ఆపేసింది. అప్పట్లో జనం తిట్టుకున్నారు గానీ హ్యాంగుల విషయంలో మాత్రం అది మంచి పనే.

ఇక ఎక్స్‌టెన్షన్ల సంగతి. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి కొడితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ట్యాబ్ ఎంత తింటోంది, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోంది వరసగా కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో దానికి అబౌట్ ప్రాసెసెస్ అనే పేజీ ఉంది. చాలామంది ఇది తెరిచి, ఎక్స్‌టెన్షన్ లైన్‌లో సున్నా చూసి, దీని తప్పేం లేదు అని వదిలేస్తారు, ఇక్కడే మోసపోయేది. ఎక్స్‌టెన్షన్‌లో రెండు భాగాలుంటాయి. బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచేది ఒకటి, దాని లెక్కే ఆ లైన్‌లో కనపడేది. రెండోది కంటెంట్ స్క్రిప్ట్, అది మీరు తెరిచిన ప్రతి పేజీలోకి పోయి ఆ పేజీ ప్రాసెస్‌లోనే నడుస్తుంది, అది తినే సీపీయూ అంతా ఆ ట్యాబ్ ఖాతాలోనే పడుతుంది. అందుకే జీమెయిల్ స్లో అయింది, బ్యాంక్ సైట్ చెత్తగా ఉంది అని సైట్‌ని తిడుతుంటాం, తింటున్నది మాత్రం గ్రామర్ చూసేదో పాస్‌వర్డ్ నింపేదో కూపన్లు వెతికేదో అయ్యుంటుంది.

ఇవి చేసే పని కూడా అలాంటిదే. పేజీలో ఏం మారినా తమకి కబురు అందేలా ఒక కాపలా పెట్టుకుంటాయి, మీరు కంపోజ్ బాక్స్‌లో ఒక్క అక్షరం కొడితే చాలు, కబురు అందుతుంది, బాక్స్ మొత్తం మళ్ళీ చదువుకుంటాయి, కింద ఎర్ర గీత గీస్తాయి లేదా పక్కన చిన్న బటన్ పెడతాయి. అలాంటివి రెండు ఒకే బాక్స్ మీద ఉన్నాయనుకోండి, ఒకటి గీసిన గీత రెండోదానికి మార్పులా కనిపిస్తుంది, అది లేచి తన బటన్ జరుపుతుంది, ఆ జరపడం మొదటిదానికి మార్పు, అది మళ్ళీ లేస్తుంది, ఇలా ఒకదాన్నొకటి లేపుకుంటూనే ఉంటాయి, టైప్ చేసిన అక్షరం స్క్రీన్ మీదకి రావడానికి మూడు సెకన్లు పడుతుంది. విడివిడిగా చూస్తే రెండూ మంచివే, కలిస్తేనే ముప్పు. తెలుగులో టైప్ చెయ్యడానికి ఎక్స్‌టెన్షన్ వాడుతూ దానితోపాటు ఇంగ్లీష్ గ్రామర్ ఎక్స్‌టెన్షన్ కూడా పెట్టుకున్నవాళ్ళు ముందు ఈ జంటని అనుమానించాలి, రెండింటికీ కావాల్సింది అదే బాక్స్.

దీనికి తీసిపారేయడం ఒక్కటే దారి కాదు. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి వెళ్తే సైట్ యాక్సెస్ అని ఉంటుంది, అన్ని సైట్లలో నడవాలా, చెప్పిన సైట్లలోనా, క్లిక్ చేసినప్పుడేనా అని అడుగుతుంది. డిఫాల్ట్‌గా చాలావాటికి అన్ని సైట్లూ ఇచ్చేసి ఉంటాయి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ లైన్ ఎవరు చదివారు గనక. కూపన్ ఎక్స్‌టెన్షన్‌కి కరెంట్ బిల్లు కట్టే పేజీలో పనేంటి? క్లిక్ చేసినప్పుడే అని పెట్టేస్తే సగం గోల తగ్గుతుంది.

యాడ్ బ్లాకర్ల కథ కొంచెం వేరు. పాత పద్ధతిలో పేజీ అడిగే ప్రతి ఫైలుకీ బ్రౌజర్ ఆగి ఎక్స్‌టెన్షన్‌ని అడిగేది, పంపనా వద్దా అని, అది జవాబిచ్చేదాకా రిక్వెస్ట్ కదలదు. క్రోమ్ కొత్త పద్ధతిలో, అదే మేనిఫెస్ట్ వీ3లో, రూల్స్ లిస్టు ముందే బ్రౌజర్‌కి ఇచ్చేయాలి, బ్రౌజరే చూసుకుంటుంది. 2024 నుంచి క్రోమ్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లని మెల్లగా ఆపేస్తూ వచ్చింది, దానివల్ల బ్లాకర్ల పవర్ తగ్గిందని గొడవ గొడవ అయింది, అది వేరే చర్చ. ఫైర్‌ఫాక్స్ మాత్రం పాత పద్ధతిని కూడా ఉంచింది. కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో రెండు బ్లాకర్లు పెట్టుకుంటే ప్రతి రిక్వెస్టూ రెండు చోట్ల ఆగుతుంది, దానిమీద యాంటీవైరస్‌తో వచ్చే వెబ్ ప్రొటెక్షన్ కూడా ఉంటే మూడో చోట కూడా. మూడూ చేసేది చాలావరకు ఒకటే పని.

ఇప్పుడు అసలు చిక్కు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్. దీన్ని జనం ఒకే వస్తువులా చూస్తారు, ట్రేలో ఒక ఐకాన్ ఉంటుంది కాబట్టి. నిజానికి అది బ్రౌజర్‌ని నాలుగు చోట్ల పట్టుకుని ఉంటుంది. బ్రౌజర్‌లో దాని ఎక్స్‌టెన్షన్ ఒకటి, బ్రౌజర్ ప్రాసెస్‌లోకి అది చొప్పించే డీఎల్ఎల్ (తన కోడ్ ఉన్న ఫైలు) ఒకటి, నెట్‌వర్క్ మధ్యలో కూర్చుని హెచ్‌టీటీపీఎస్‌ని, అంటే సైట్‌కీ మీకూ మధ్య తాళం వేసి నడిచే కనెక్షన్‌ని, విప్పి చూసే భాగం ఒకటి, డిస్క్ మీద ఫైలు తెరిచినప్పుడల్లా అడ్డుపడే డ్రైవర్ ఒకటి. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆఫ్ చేసి చూశా అయినా హ్యాంగ్ అవుతోంది అనేవాళ్ళు ఆపింది మొదటిదాన్ని మాత్రమే, మిగతా మూడూ ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

డీఎల్ఎల్ చొప్పించడం గురించి బ్రౌజర్ కంపెనీలకీ యాంటీవైరస్ కంపెనీలకీ చాలా ఏళ్ళుగా పోరు నడుస్తోంది. 2017 నవంబర్‌లో క్రోమ్ టీమ్ చెప్పిన లెక్క ఏంటంటే విండోస్‌లో క్రోమ్ వాడేవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది మెషిన్లలో క్రోమ్‌తో ముడిపడే వేరే సాఫ్ట్‌వేర్ ఉంది, అలా కోడ్ చొప్పించే సాఫ్ట్‌వేర్ ఉన్నచోట క్రాషులు 15 శాతం ఎక్కువ. దాంతో 2018 ఏప్రిల్‌లో 66వ వెర్షన్ నుంచి క్రాష్ అయినప్పుడు ఫలానా సాఫ్ట్‌వేర్ అనుమానం అని చెప్పడం, జులైలో 68 నుంచి అడ్డుకోవడం, 2019 జనవరిలో 72తో పూర్తిగా ఆపడం అని వరస పెట్టారు. మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న కోడ్‌కీ, చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్ల లాంటివాటికీ, ఇంగ్లీష్ కాని భాషల్లో టైప్ చేయించే ఐఎంఈ అనే సాఫ్ట్‌వేర్లకీ మినహాయింపు ఇచ్చారు, అది ఇవ్వకపోతే మన తెలుగు టైపింగ్ కూడా ఇరుక్కునేది.

పోరు దాంతో అయిపోలేదు. 2019 అక్టోబర్‌లో క్రోమ్ 78 వచ్చింది, ట్యాబుల ప్రాసెస్‌లలోకి బయటి కోడ్ దూరకుండా చూసే ఫీచర్ పెట్టారు, సిమాంటెక్ ఎండ్‌పాయింట్ ప్రొటెక్షన్ పాత వెర్షన్లు ఉన్న ఆఫీసుల్లో ఒక్కసారిగా ప్రతి ట్యాబూ తెరవగానే చచ్చిపోవడం మొదలైంది, సెట్టింగ్స్ పేజీతో సహా. యాంటీవైరస్ అప్‌డేట్ చేసుకుంటే సరిపోయేది, కానీ ఆ సంగతి తెలిసేలోపు ఎంతమంది బ్రౌజర్‌ని మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుంటారో. ఫైర్‌ఫాక్స్ కొంచెం వేరే దారి తీసుకుంది, ఏ బయటి మాడ్యూల్ (కోడ్ ఫైలు) లోపలికొచ్చిందో అబౌట్ థర్డ్ పార్టీ అనే పేజీలో చూపించింది, 2023 ఫిబ్రవరిలో 110వ వెర్షన్ నుంచి కావాలంటే దాన్ని అడ్డుకునే వీలు కూడా ఇచ్చింది. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళు హ్యాంగ్ గురించి ఇంకెక్కడా వెతకకముందు ఈ పేజీ ఒకసారి చూడాలి, పేర్లు చదివితేనే సగం అర్థమైపోతుంది.

హెచ్‌టీటీపీఎస్ విప్పి చూడ్డం వేరే రకం లక్షణం ఇస్తుంది. విండో బాగానే ఉంటుంది, మెనూలు తెరుచుకుంటాయి, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, లేకపోతే కనెక్షన్ సేఫ్ కాదని ఎర్రర్ వస్తుంది. ఇది ఉందో లేదో కనుక్కోవడం చాలా తేలిక, అడ్రస్ బార్ పక్కన ఐకాన్ నొక్కి సర్టిఫికెట్ (ఆ సైట్ అసలుదేనని చెప్పే పత్రం) ఎవరిచ్చారో చూడాలి. మామూలు సర్టిఫికెట్ సంస్థ పేరు బదులు మీ యాంటీవైరస్ పేరే ఉంటే, అంటే అవాస్ట్ వెబ్ మెయిల్ షీల్డ్ రూట్ అనో ఈసెట్ ఎస్ఎస్ఎల్ ఫిల్టర్ సీఏ అనో కనిపిస్తే, మీ ట్రాఫిక్ అంతా దాని చేతిలోంచి పోతోందన్నమాట. 2019లో ఫైర్‌ఫాక్స్ 65 వచ్చినప్పుడు అవాస్ట్, ఏవీజీ వాడేవాళ్ళకి సైట్లే తెరుచుకోక మొజిల్లా విండోస్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్‌ని కొన్నాళ్ళు ఆపేయాల్సి వచ్చింది, కారణం ఈ భాగమే, ఫైర్‌ఫాక్స్ తన సొంత సర్టిఫికెట్ల జాబితా వాడుతుంది కాబట్టి యాంటీవైరస్ ఇచ్చిన సర్టిఫికెట్‌ని నమ్మలేదు. తర్వాత 68వ వెర్షన్ నుంచి అలాంటి ఎర్రర్ వస్తే విండోస్ జాబితాని కూడా చూసేలా సర్దుకున్నారు. ఈ స్కానింగ్ వల్ల ఇంట్లో వాడుకునే మామూలు మనిషికి ఒరిగేది తక్కువ, తలనొప్పి ఎక్కువ అని ఈ వ్యాసం అభిప్రాయం, ఫిషింగ్ సైట్లని బ్రౌజర్లే పట్టుకుంటున్నాయి, డౌన్‌లోడ్ అయిన ఫైలుని డిస్క్ మీద ఎలాగూ స్కాన్ చేస్తారు. ఆఫీస్ మెషిన్ అయితే మాత్రం ఐటీ వాళ్ళని అడక్కుండా ముట్టుకోకూడదు.

నాలుగోది డిస్క్ డ్రైవర్. బ్రౌజర్ ప్రొఫైల్ ఫోల్డర్‌లో వేల చిన్న ఫైళ్ళుంటాయి, కాష్, హిస్టరీ, కుకీలు, ఒక్కోటి తెరిచినప్పుడల్లా ఈ డ్రైవర్ తలుపు దగ్గర ఆపుతుంది. బ్రౌజర్ తెరవగానే అర నిమిషం బిగుసుకుపోవడం, డౌన్‌లోడ్ 100 శాతం దగ్గరికొచ్చి ఆగిపోవడం, ఇవి దీని గుర్తులు. హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషిన్లలో మరీ తెలుస్తుంది. ఇక రెండు యాంటీవైరస్‌లు ఉంటే చెప్పక్కర్లేదు, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. అబ్బే నేను ఒకటే వాడుతున్నా అంటారు, కానీ ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ ఎక్స్‌పైర్ అయిపోయి కూడా దాని డ్రైవర్ అలాగే ఉండిపోతుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి ఎఫ్, ఎల్, టీ, ఎం, సీ అనే ఐదక్షరాలు ఇంగ్లీషులో కొడితే డిస్క్ డ్రైవర్ల జాబితా వస్తుంది, ఒక్కోదాని పక్కన ఆల్టిట్యూడ్ అని ఒక నంబర్ ఉంటుంది, 320000 నుంచి 329998 దాకా ఉన్న నంబర్లు మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్‌లకి కేటాయించింది. ఆ నంబర్లలో రెండు వేరే వేరే కంపెనీల డ్రైవర్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే. పాతదాన్ని మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోదు ఒక్కోసారి, ఆ కంపెనీవాళ్ళే ఇచ్చే రిమూవల్ టూల్ వాడాలి.

విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఏ గొడవా చెయ్యదనుకోవడం కూడా పొరపాటే. ఫైర్‌ఫాక్స్ తెరిస్తే యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ (డిఫెండర్ ప్రాసెస్ పేరు ఇదే) సీపీయూ తినేస్తోందని 2018లో మొజిల్లాలో బగ్ రాశారు, అది తేలింది 2023 ఏప్రిల్‌లో, ఐదేళ్ళు. జావాస్క్రిప్ట్‌ని స్పీడుగా నడపడానికి ఫైర్‌ఫాక్స్ మెమరీ పేజీల పర్మిషన్‌ని మాటిమాటికీ మారుస్తుంటుంది, అలా మార్చినప్పుడల్లా విండోస్ ఒక ఈవెంట్ విడుస్తుంది, డిఫెండర్ ఒక్కో ఈవెంట్‌కీ అవసరానికి మించి లెక్కలు చేస్తూ కూర్చుంది. మైక్రోసాఫ్ట్ తన ఇంజిన్ సరిచేశాక ఫైర్‌ఫాక్స్ విషయంలో డిఫెండర్ తినే సీపీయూ సుమారు 75 శాతం తగ్గింది. ఆ ఐదేళ్ళలో ఎక్స్‌టెన్షన్లు తీసేసుకుని, ప్రొఫైల్ రీసెట్ చేసుకున్నవాళ్ళ కష్టం వృథా, తప్పు వాళ్ళ మెషిన్‌లో లేనే లేదు.

అలాగే రెండింటి తప్పూ కాని రోజులు కూడా ఉంటాయి. 2022 జనవరి 13న ప్రపంచమంతా ఫైర్‌ఫాక్స్ ఒక్క పేజీ కూడా తెరవకుండా మొరాయించింది. మొజిల్లా తన సమాచార సేకరణకి వాడే క్లౌడ్ సర్వర్ల దగ్గర హెచ్‌టీటీపీ3 (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే కొత్త పద్ధతి) ఆన్ అయింది, ఫైర్‌ఫాక్స్ కోడ్‌లో ఒక హెడర్ పేరులో పెద్దక్షరాలు చిన్నక్షరాలు తేడా దగ్గర ఉన్న పాత బగ్ తగిలి నెట్‌వర్క్ థ్రెడ్ అంతులేని లూప్‌లో పడింది. అందరికీ ఒకేరోజు ఒకేలా వచ్చిందంటే అది మీ యాంటీవైరస్ కాదు.

మరి పరీక్ష ఏ వరసలో చెయ్యాలి. ముందు ఇన్‌కాగ్నిటో విండో, అందులో మామూలుగా ఎక్స్‌టెన్షన్లు నడవవు, వేటికైనా ప్రత్యేకంగా పర్మిషన్ ఇచ్చుంటే తప్ప. అక్కడ బాగుంటే ఎక్స్‌టెన్షన్ అనుమానం బలపడుతుంది, కానీ కుకీలు కూడా వేరే కదా, కాబట్టి కొత్త ప్రొఫైల్ తయారుచేసి అందులో కూడా చూడ్డం మంచిది. ఫైర్‌ఫాక్స్‌లో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, షిఫ్ట్ నొక్కి పట్టుకుని తెరిస్తే వస్తుంది, అయితే అది ఎక్స్‌టెన్షన్లతో పాటు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ని కూడా ఆపేస్తుంది, అక్కడ బాగుందని ఎక్స్‌టెన్షన్ మీద తీర్పు ఇచ్చేస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పించుకుంటుంది.

ఎక్స్‌టెన్షనే అని తేలాక ఒక్కోటీ ఆపి చూడ్డం దండగ, సగం ఆపండి. 16 ఉంటే నాలుగు రౌండ్లలో దొరుకుతుంది. చిక్కెప్పుడంటే ఈ సగంతోనూ బాగుంది, ఆ సగంతోనూ బాగుంది, అన్నీ కలిపితేనే హ్యాంగ్. అప్పుడు రెండు ఎక్స్‌టెన్షన్లు కొట్టుకుంటున్నాయి, ఒకటి ఈ సగంలో ఉంది, ఒకటి ఆ సగంలో ఉంది. ఒక సగం మొత్తం ఆన్‌లో ఉంచి రెండోదాన్ని సగాలు చేసుకుంటూ పోవాలి, ఒకటి దొరికాక దాన్ని పట్టుకుని రెండోదానికి అదే పని.

కొత్త ప్రొఫైల్‌లోనూ హ్యాంగ్ అయితే వేరే బ్రౌజర్‌లో చూడాలి, అక్కడా అంతే అయితే బయటి సాఫ్ట్‌వేర్ వైపు తిరగాలి. యాంటీవైరస్‌లో 10 నిమిషాలు ఆపు అనే బటన్‌ని పెద్దగా నమ్మకండి, చాలావాటిలో అది స్కానింగ్‌ని ఆపుతుంది గానీ డ్రైవర్ లోడ్ అయ్యే ఉంటుంది, చొప్పించిన డీఎల్ఎల్ బ్రౌజర్ మూసి తెరిచేదాకా ఎక్కడికీ పోదు. హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఒక్కటే ఆపి, బ్రౌజర్ పూర్తిగా మూసి, మళ్ళీ తెరిచి చూడండి. అప్పటికీ తేలకపోతే పూర్తిగా తీసేసి రీస్టార్ట్ చేసి చూడాలి, అది పోగానే డిఫెండర్ దానంతటదే పనిలోకి దిగుతుంది, కాబట్టి మెషిన్ ఒంటరిదేం అవ్వదు, కాకపోతే ఆ కాసేపూ బ్యాంక్ పనులు పెట్టుకోకపోవడమే మేలు. బ్రౌజర్ ప్రొఫైల్ ఫోల్డర్‌ని స్కాన్ నుంచి మినహాయించమని కొందరు సలహా ఇస్తుంటారు, హ్యాంగ్ తగ్గొచ్చు గానీ పాస్‌వర్డ్లు, కుకీలు దొంగిలించే మాల్‌వేర్ ముందుగా వెతికేది ఆ ఫోల్డర్‌నే, అక్కడ కాపలా తీసేయడం తెలివైన పని కాదు.

నిన్నటిదాకా బాగుంది, నేనేం మార్చలేదు అనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది. మీరు మార్చలేదు నిజమే, 2021 నుంచి క్రోమ్ దాదాపు నాలుగు వారాలకోసారి వెర్షన్ మారుస్తోంది, ఎక్స్‌టెన్షన్లు అడక్కుండానే అప్‌డేట్ అవుతాయి, యాంటీవైరస్ డెఫినిషన్లు రోజుకి ఎన్నిసార్లయినా మారతాయి. విండోస్‌లో రిలయబిలిటీ హిస్టరీ అని స్టార్ట్‌లో వెతికితే తేదీల వారీగా ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయింది, ఏ రోజు ఏది హ్యాంగ్ అయింది పక్కపక్కనే కనిపిస్తాయి. చాలామందికి ఇదొకటి ఉందనే తెలియదు.

మన దగ్గర మీసేవ సెంటర్లలో, ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసుల్లో ఒక ప్రత్యేకమైన హ్యాంగ్ ఉంది, దానికి పై పరీక్షలేవీ సరిగ్గా అతకవు. వేలిముద్ర మెషిన్‌కి ఆర్‌డీ సర్వీస్, జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకానికి ఎంసైనర్, ఇవన్నీ అదే మెషిన్ మీద నడిచే చిన్న సర్వర్లు, బ్రౌజర్ పేజీ వాటితో లోకల్‌గా మాట్లాడుతుంది. ఆర్‌డీ సర్వీస్ ఏ పోర్ట్‌లో (మెషిన్‌లో నంబర్ వేసిన తలుపు లాంటిది) ఉందో తెలియదు కాబట్టి పేజీ 11100 నుంచి 11120 దాకా వరసగా తట్టి చూస్తుంది. యాంటీవైరస్‌లోని ఫైర్‌వాల్ అక్కడ లేదు పో అని వెంటనే చెప్తే పర్లేదు, తర్వాతి పోర్ట్‌కి పోతుంది, కానీ ఏం చెప్పకుండా మింగేస్తే ఒక్కో పోర్ట్ దగ్గరా టైమ్ అయిపోయేదాకా ఆగాలి, పేజీని సింక్రనస్ పద్ధతిలో, అంటే జవాబు వచ్చేదాకా ఇంకే పనీ చెయ్యకుండా ఆగేలా, రాసుంటే అంతసేపూ ట్యాబ్ బిగుసుకుపోతుంది. ఆపరేటర్ మెషిన్ వైర్ పీకి మళ్ళీ పెడతాడు, క్యూలో ఉన్నవాళ్ళు సర్వర్ డౌన్ అనుకుని వెళ్ళిపోతారు. ఇక్కడ యాంటీవైరస్ మొత్తం తీసేయాల్సిన పనిలేదు, ఫైర్‌వాల్‌లో ఆ సర్వీస్ ఒక్కదానికి అనుమతి ఇచ్చి, ఈ పనికి మాత్రమే ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా లేని వేరే బ్రౌజర్ ప్రొఫైల్ తయారుచేసుకుని, దాని షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటే సరిపోతుంది. యూట్యూబ్, కూపన్లు, వాట్సాప్ వెబ్ అన్నీ పాత ప్రొఫైల్‌లోనే ఉండనివ్వండి.